పరాయిచోటి మరుగుదొడ్డి అంటే పిల్లలకు భయం : తహారత్ శిక్షణలో తల్లిదండ్రుల బాధ్యత

విగ్రహారాధకులలో కొందరు ఒకసారి హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) గారిని ఎగతాళి చేయబోయారు. మీ ప్రవక్త మీకు అన్నీ నేర్పుతున్నారట, చివరకు కాలకృత్యాలు తీర్చుకునే పద్ధతి కూడా నేర్పుతున్నారట గదా అని అడిగారు. సల్మాన్ (రజి) సిగ్గుపడలేదు, మాట దాటవేయలేదు. అవునని ఒప్పుకుని, ఆ సమయంలో ఖిబ్లాకు అభిముఖంగా కూర్చోరాదనీ, కుడిచేతితో శుభ్రం చేసుకోరాదనీ తాము నేర్చుకున్న నియమాలను వారికి వివరించి చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ ఉల్లేఖనం మదర్సా విద్యార్థులందరికీ పరిచితమే.

లోకం సిగ్గుతో దాచే విషయాన్ని ఇస్లాం నేర్పదగిన విద్యగా పరిగణించిందని దీనివల్ల బోధపడుతుంది. ఫిఖ్హ్ గ్రంథాలు సాధారణంగా తహారత్ ప్రకరణంతోనే ఆరంభమవుతాయి. అయితే ఈ విద్యను పిల్లలకు అందించే తీరులో మన ఇళ్ళలో ఒక లోపం కనిపిస్తుంది. ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా కాలకృత్యాలు తీర్చుకునే పిల్లవాడు బయట, అంటే బడిలో, బస్సు స్టాండులో, రైలులో, ఆసుపత్రిలో, ఒక్కోసారి మస్జిద్ ఆవరణలోని ఇస్తింజాఖానాలో కూడా, లోపలికి అడుగు పెట్టనని మొండికేస్తాడు. పెద్దలు దీన్ని మొండితనమనో, గారాబమనో అనుకుంటారు. అధిక సందర్భాలలో అది భయం తప్ప మరొకటి కాదు. భయానికీ మొండితనానికీ చికిత్స ఒకటి కాదు.

సమస్య స్వరూపం

ఆరేళ్ళ పిల్లవాడితో ప్రయాణం చేసిన కుటుంబాలకు ఈ దృశ్యం కొత్త కాదు. బస్సు ఆగినప్పుడు "ఒంటికి వెళతావా బేటా?" అని తల్లి అడుగుతుంది. వాడు అడ్డంగా తల ఊపుతాడు. కాళ్ళు దగ్గరగా బిగించి కూర్చుంటాడు. బస్సు కదిలిన అరగంటకు బట్టలు తడుస్తాయి. అక్కడి నుండి తిట్లు మొదలు. పక్కవారు నవ్వుతారు. బట్టలు నజిస్ అయ్యాయి, ఇక నమాజు ఎలాగని తండ్రి విసుక్కుంటాడు. పిల్లవాడికి మాత్రం మొదటి భయం మీద ఇప్పుడు అవమాన భయం కూడా తోడైంది. మరుసటి ప్రయాణంలో వాడు నీళ్ళు తాగడమే మానేస్తాడు.

ఇది చిన్న విషయమని కొట్టివేయడానికి వీలులేదు. మూత్రాన్ని పదే పదే బిగబట్టే పిల్లలకు మూత్రకోశ వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుంది. మలాన్ని ఆపుకుంటే అది గట్టిపడుతుంది. తరువాత వెళ్ళినప్పుడు నొప్పి కలుగుతుంది. ఆ నొప్పికి భయపడి పిల్లవాడు మరింత ఆపుకుంటాడు. ఈ చక్రం ముదిరితే పేరుకుపోయిన మలం పక్కల నుండి పలచటి విసర్జన తెలియకుండానే బట్టల్లోకి జారుతుంది. ఇంత పెద్దవాడివై బట్టలు పాడు చేసుకుంటావా అని అప్పుడు కొట్టే తల్లిదండ్రులకు అది వాడి అదుపులో లేని సంగతి అని తెలియదు.

భయానికి కారణాలు

మూడేళ్ళ నుండి ఏడెనిమిదేళ్ళ వయసు వరకు పిల్లలలో ఇట్టి భయం తరచుగా కనిపిస్తుంది. పెద్దలకు తోచని కారణాలు పిల్లలకు ఎన్నో ఉంటాయి. చీకటి గది, జారే నేల, దుర్వాసన, గోడ మీద బల్లి, మూలన బొద్దింక, చేతికందని గొళ్ళెం, ఒకసారి పడితే ఊడి రాని గడియ ఇట్టివే. ఇంట్లో కూర్చునే దొడ్డికి అలవాటుపడినవాడికి ఎత్తయిన కమోడు మీద కాళ్ళు నేలకు ఆనకపోతే పడిపోతానేమోనని దిగులు. కమోడుకు అలవాటుపడినవాడికి నేల మట్టపు దొడ్డిలోని రంధ్రం చూస్తే అందులో జారిపోతానని దిగులు. రైలు మరుగుదొడ్డి రంధ్రం గుండా పట్టాలు పరుగెత్తడం కనిపించే రోజులు పోయి పెట్టెలలో బయో టాయిలెట్లు వచ్చాయి. కాని కదిలే పెట్టెలోని ఊపు, చప్పుడు మాత్రం పోలేదు. విమానాశ్రయాలలో, పెద్ద దుకాణ సముదాయాలలో మనిషి లేవకముందే దానంతట అదే హోరుమని నీళ్ళు వదిలే యంత్రాలున్నాయి. నీళ్ళు అన్నిటినీ లాగుకుపోవడం చూసిన పసివాడు, అవి తననూ లాగుకుపోతాయని అనుకోవడంలో వింత లేదు.

చేతులు ఆరబెట్టే యంత్రాల చప్పుడుకు చెవులు నొప్పి పుడుతున్నాయని కొందరు పిల్లలు అంటారు. పెద్దలు నమ్మరు. కెనడాలో ఒక బాలిక ఈ సంగతినే పట్టుదలగా పరిశీలించి, పిల్లల చెవులు ఉండే ఎత్తులో ఆ చప్పుడును కొలిచింది. వాటిలో కొన్ని యంత్రాల చప్పుడు 100 డెసిబెల్స్ దాటినట్లు తేలింది. ఆ పరిశీలన 2019లో ఒక శిశువైద్య పత్రికలో ప్రచురితమైంది. పిల్లల మాటను కొట్టివేసే ముందు వారి ఎత్తుకు వంగి వినాలన్నది ఇందులోని పాఠం.

మనం తెచ్చిపెట్టే భయం

పై కారణాలు అన్ని మతాల పిల్లలకూ ఉన్నవే. ముస్లిం కుటుంబాలలో వీటికి తోడు మరో కారణం చేరుతుంది. దానికి బాధ్యులు పెద్దలే.

మరుగుదొడ్డిలోకి వెళ్ళే ముందు అపవిత్ర శక్తుల నుండి అల్లాహ్ శరణు వేడుకునే దుఆను దైవప్రవక్త (స) నేర్పారు. బయటికి వచ్చాక "గుఫ్రానక" అని క్షమాపణ కోరడం కూడా వారి సంప్రదాయమే. ఈ దుఆ రక్షణ కోసం ఉంది. అయితే కొన్ని ఇళ్ళలో దీన్ని చెప్పే తీరు వేరు. "దుఆ చదవకుండా వెళితే లోపల షైతాన్ పట్టుకుంటాడు" అంటారు. బయటి మరుగుదొడ్లలో జిన్నులుంటారని కథలు చెబుతారు. తాళం చేతికిచ్చి భరోసా కలిగించవలసింది పోయి, దొంగ కథ చెప్పి నిద్ర చెడగొట్టినట్లు అవుతుంది ఇది.

రెండవది, మూత్రపు తుంపరల విషయంలో జాగ్రత్త వహించని వ్యక్తికి సమాధిలో శిక్ష పడుతున్నదని తెలిపే హదీసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసు ప్రామాణికమైనదే. అయితే అది బాధ్యత ఎరిగిన పెద్దలకు హెచ్చరిక. నిద్రించేవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతిస్థిమితం లేనివాడు స్వస్థుడయ్యే వరకు వారి కర్మలు లిఖించబడవని మరో హదీసు స్పష్టంగా చెబుతున్నది. లెక్క మొదలుకాని పసివాడిని సమాధి శిక్షతో బెదిరించే హక్కు ఎవరిచ్చారు?

మూడవది, "ముట్టుకోకు, నజిస్! తగలకు, నజిస్!" అన్న నిరంతర హెచ్చరిక. బయటి మరుగుదొడ్డిలో నేల తడిగా ఉంటే అదంతా మూత్రమేనని పిల్లవాడు నిశ్చయించుకుంటాడు. షరీఅత్ ఇట్టి అనుమానాన్ని ప్రోత్సహించలేదు. సందేహం వల్ల నిశ్చయం తొలగిపోదన్నది ఫిఖ్హ్ మూలసూత్రాలలో ఒకటి. ఉస్మానియా రాజ్యంలో 1876 నాటికి పూర్తయిన ధర్మస్మృతి "మజల్లా"లో ఇది నాలుగవ సూత్రంగా చేరింది. నేల మీది తడి నీళ్ళో, మలినమో తెలియనప్పుడు కేవలం అనుమానంతో దాన్ని మలినమని తీర్మానించడం సరికాదు. సూదిమొనలంత సన్నని తుంపరలు పడితే వాటికి మన్నింపు ఉందని హనఫీ ఫుఖహా రాశారు. ఒక ప్రయాణంలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఒక నీటి తొట్టి యజమానిని, దీని వద్దకు క్రూరమృగాలు వచ్చి నీళ్ళు తాగుతాయా అని అడగగా, హజ్రత్ ఉమర్ (రజి) ఆ సంగతి మాకు చెప్పవద్దని అతణ్ణి వారించారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఈ సంఘటన నమోదైంది. ఉమర్ (రజి) అంతటివారు ఆరా తీయకుండా వదిలిన చోట ఆరేళ్ళ పిల్లవాడి చేత ఆరా తీయించడం ధర్మనిష్ఠ కాదు, వస్వసా మాత్రమే.

ప్రవక్త ఆదర్శం

ఒక పల్లెవాసి మస్జిదె నబవీలో ఒక మూలన మూత్రవిసర్జనకు ఉపక్రమించాడు. సహచరులు అతణ్ణి ఆపబోయారు. దైవప్రవక్త (స) వారిని వారించారు. మధ్యలో అంతరాయం కలిగించవద్దన్నారు. అతడు ముగించాక ఆ చోట ఒక బొక్కెన నీళ్ళు పోయించారు. తరువాత అతణ్ణి దగ్గరకు పిలిచి, మస్జిద్‌లు ఇట్టి పనికి తగిన చోట్లు కావని సౌమ్యంగా తెలియజెప్పారు. మధ్యలో ఆపితే అతడి శరీరానికి హాని కలిగేదని ఇమామ్ నవవీ (మరణం 1277) వ్యాఖ్యానించారు. అది ఎంతటి పవిత్రస్థలం! అయినా మనిషి శరీరావసరాన్ని ముందు గమనించి, నేలను తరువాత కడిగించి, బోధ చివరన చేశారు. మన ఇళ్ళలో ఈ క్రమం తలకిందులైంది. ముందు తిట్టు, తరువాత కడుగుడు. పిల్లవాడి శరీరం ఎవరికీ గుర్తురాదు.

ఉమ్మె ఖైస్ (రజి) అన్నం తినడం ఇంకా మొదలుపెట్టని తన పసిబిడ్డను తీసుకురాగా, దైవప్రవక్త (స) ఆ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్నారు. బిడ్డ వారి వస్త్రం తడిపాడు. వారు నీళ్ళు తెప్పించి వస్త్రం మీద పోసుకున్నారు. అంతటితో ఆ విషయం ముగిసింది. పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)ను వారు ఒక్కసారి కూడా "ఉఫ్" అనలేదు. ఆ అనస్ (రజి) మరో సంగతి కూడా చెప్పారు. ప్రవక్త (స) కాలకృత్యాలకు బయలుదేరినప్పుడు తానూ, తనతోపాటు మరో బాలుడూ నీళ్ళ తిత్తి మోసుకుని వెంట వెళ్ళేవారు. ఈ విషయాన్ని భయంగానో, అసహ్యంగానో కాక, ఒక సేవగా, బాధ్యతగా నేర్చుకున్న బాలుడు ఆయన.

కఠినంగా పెంచితే పిల్లల మనసు ముడుచుకుపోయి, దండన తప్పించుకునేందుకు అబద్ధానికీ, కపటానికీ అలవాటుపడతారని ఇబ్నె ఖల్దూన్ (1332–1406) ముఖద్దిమాలో హెచ్చరించాడు. "వస్తున్నదా?" అని అడిగితే "రావడం లేదు" అని బిగబట్టి అబద్ధమాడే పిల్లవాడు ఈ మాటకు సజీవ నిదర్శనం.

బల్ఖీ చూపిన మార్గం

భయాన్ని పోగొట్టే పద్ధతి గురించి ముస్లిం వైద్యపండితులు వెయ్యేళ్ళ క్రితమే ఆలోచించారు. నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) "మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్" అనే గ్రంథంలో శరీరారోగ్యంతో పాటు మానసికారోగ్యాన్ని ప్రత్యేక భాగంగా వివరించాడు. సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ ఈ రెండవ భాగాన్ని ఆంగ్లంలోకి అనువదించగా 2013లో వెలువడింది. భయపెట్టే వస్తువును తప్పించుకుంటూ పోయేకొద్దీ భయం బలపడుతుందనీ, దాన్ని మళ్ళీ మళ్ళీ చూడడం, వినడం ద్వారా మనసును దానికి అలవాటు చేయాలనీ బల్ఖీ బోధించాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మందులు సిద్ధం చేసి ఉంచుకున్నట్లు, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలను సమకూర్చుకోవాలన్నది ఆయన మరో సలహా.

అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు 1924లో కుందేలును చూసి భయపడే ఒక పసివాడి వృత్తాంతాన్ని ప్రకటించింది. వాడు ఇష్టమైన ఆహారం తింటుండగా కుందేలును రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చేవారు. చివరకు వాడు దాన్ని చేతితో నిమిరాడు. నేటి వైద్యులు పిల్లల భయాలకు అవలంబించే పద్ధతికి ఇదే పునాది. తొందరపడకుండా, మెట్టు మెట్టుగా దగ్గర చేయడమే ఇందులోని సారాంశం.

ఆచరణలో పెట్టే విధానం

మొదట పిల్లవాడిని అడిగి తెలుసుకోవాలి. "ఎందుకు వెళ్ళవు?" అని నిలదీయరాదు. "లోపల నీకు ఏది బాగాలేదు? చప్పుడా, చీకటా, తలుపా?" అని ఒక్కొక్కటిగా అడిగితే చెబుతాడు. ఏది చెప్పినా నవ్వరాదు. ఇంట్లో తాత, నానమ్మ, పిన్నుల ముందు ఆ మాట ఎత్తరాదు. తమ్ముడితో పోల్చరాదు.

రెండవది, అవసరం లేని వేళలో అభ్యాసం చేయించాలి. ఒత్తిడి వచ్చిన క్షణంలో నేర్పబోతే ఏదీ తలకెక్కదు. దగ్గరలోని శుభ్రమైన చోటును ఎంచుకోవాలి. మొదటి రోజు బయట నిలబడి చప్పుళ్ళు వింటే చాలు. మరో రోజు లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని రావచ్చు. ఇంకో రోజు తలుపు తెరిచి ఉంచి, బట్టలతోనే కాసేపు కూర్చుని లేవవచ్చు. ఆ తరువాత తండ్రి తలుపు పట్టుకుని నిలబడగా వాడుకోవచ్చు. ఒక మెట్టు మీద స్థిమితపడితేనే తరువాతి మెట్టు. ఒకనాడు వెనక్కి తగ్గితే కిందటి మెట్టుకు దిగి మళ్ళీ మొదలుపెట్టాలి.

మూడవది, భయం కలిగించే వస్తువును వీలైనంత మెత్తబరచాలి. పిల్లవాడు బయటికి వచ్చాకనే పెద్దలు నీళ్ళు వదలాలి. దానంతట అదే పనిచేసే యంత్రమైతే దాని కన్నుకు చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టవచ్చు. చేతులు తుడుచుకోవడానికి సొంత రుమాలు ఉంటే ఆరబెట్టే యంత్రం జోలికే పోనక్కరలేదు. గడియ వేసి తీయడం ఇంట్లోనే నేర్పాలి. నేర్చేవరకు గడియ వేయనక్కరలేదని మాట ఇచ్చి, ఆ మాట తప్పకుండా బయటే నిలబడాలి. "నేను ఇక్కడే ఉన్నాను బేటా" అన్న గొంతు వినబడుతూ ఉంటే సగం భయం తీరుతుంది.

నాలుగవది, పిల్లవాడి చేతికి ఒక చిన్న సంచీ ఇవ్వాలి. అందులో నీళ్ళ సీసా లేదా చిన్న లోటా, సబ్బు ముక్క, రుమాలు, ఒక జత బట్టలు ఉండాలి. నీళ్ళు ఉంటాయో లేవోనన్న దిగులు ముస్లిం పిల్లలలో ఎక్కువ. తన నీళ్ళు తన చేతిలో ఉంటే ఆ దిగులు పోతుంది. అనస్ (రజి) మోసిన నీళ్ళ తిత్తి కథ చెప్పడానికి ఇది తగిన సందర్భం. నిలబడి వాడే మూత్రశాల తప్ప మరోటి లేని చోట పిల్లవాడు తికమకపడితే, కూర్చోవడమే మన అలవాటైనా అవసరం పడినప్పుడు నిలబడే వెసులుబాటు ఉందని చెప్పాలి. హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖనం ఇందుకు ఆధారం.

ఐదవది, దుఆను ధైర్యంగా నేర్పాలి. "ఈ దుఆ చదివితే అల్లాహ్ కాపాడతాడు, నిశ్చింతగా వెళ్ళిరా" అన్నంత మాత్రం చాలు. మరచిపోతే ఏమవుతుందన్న మాట ఎత్తనే కూడదు. కాలకృత్యాల ఒత్తిడిని అణచుకుంటూ నమాజు చేయరాదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. నమాజుకు ముందు వెళ్ళిరావడం కూడా దీన్‌లో భాగమేనని పిల్లవాడు గ్రహిస్తే దానిపట్ల ఏవగింపు తగ్గుతుంది.

జాగ్రత్త వహించవలసిన సందర్భాలు

మూత్రంలో మంట, జ్వరం, మలంలో రక్తం, కడుపునొప్పి ఉంటే, లేదా పక్క తడపడం ఎప్పుడో మానిన పిల్లవాడు మళ్ళీ మొదలుపెడితే, వైద్యుడికి చూపించాలి. అక్కడ శిక్షణ కంటే మందు ముందు.

మరో సంగతి చెప్పడానికి కష్టమైనా చెప్పక తప్పదు. ఇంతవరకు భయం లేని బిడ్డ హఠాత్తుగా ఒకే ఒక చోట, లేదా ఒకే ఒక మనిషి సమక్షంలో వెళ్ళనంటే, దాన్ని మామూలు భయంగా తీసుకోరాదు. అక్కడ ఎవరైనా చెడుగా తాకారేమో, బెదిరించారేమో సౌమ్యంగా విచారించాలి. బిడ్డ చెప్పింది నమ్మాలి. ఇంటి పరువు పేరిట దాచిపెట్టడం బిడ్డకు చేసే రెండవ అన్యాయం. ఇట్టి నేరాల నుండి పిల్లలను కాపాడడానికి మన దేశంలో 2012లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఫోను నెంబరు ఉంది. తన శరీరం తనకు అమానతు అనీ, తల్లిదండ్రులు తప్ప మరెవరూ సాయం పేరిట లోపలికి రాకూడదనీ చిన్ననాడే నేర్పాలి. గదిలోకి వచ్చే ముందు అనుమతి కోరే మర్యాదను పిల్లలకు కూడా నేర్పమని సూరె నూర్ ఆదేశించింది. ఏకాంతాన్ని గౌరవించడం ఆ మర్యాదలోనిదే.

సమాజం వంతు

అన్ని భయాలూ ఊహలు కావు. కొన్ని మరుగుదొడ్లు పెద్దలు కూడా అడుగు పెట్టలేని స్థితిలో ఉన్నాయి. వాటికి పిల్లవాడు జంకితే తప్పు వాడిది కాదు. దారిలోనూ, నీడలోనూ, నీటి వనరుల వద్దా మలవిసర్జన చేసి ప్రజల శాపాలకు గురి కావద్దని హదీసులు హెచ్చరించాయి. తాను వాడిన చోటును తరువాతి వాడికి పనికిరాకుండా విడిచిపోయేవాడు ఈ హెచ్చరిక తనకు కూడా వర్తించదా అని ఆలోచించుకోవాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలి. ఉన్నవి నీళ్ళతో, గడియతో ఉన్నాయో లేదో వెళ్ళి చూడవలసింది తల్లిదండ్రులే. సాయంత్రం ఇంటికి చేరగానే పరుగున మరుగుదొడ్డికి వెళ్ళే ఆడపిల్ల పగలంతా నీళ్ళు తాగలేదని తల్లి గ్రహించాలి.

మస్జిద్ కమిటీలు పాలరాతికీ, దీపాలకీ చేసే ఖర్చులో కొద్ది భాగం ఇస్తింజాఖానాకు మళ్ళిస్తే చాలు. వెలుతురునిచ్చే ఒక దీపం, చిన్న చేతులకు అందే ఒక కొళాయి, పిల్లవాడు తీయగలిగే ఒక గడియ, జారని నేల అవసరం. ఏడేళ్ళకు పిల్లలకు నమాజు ఆదేశించమని ప్రవక్త (స) చెప్పారు. ఆ ఏడేళ్ళ పిల్లవాడు వుజూకు ముందు దాటవలసిన గుమ్మం ఇదే. అక్కడ వాడికి భయం కలగకుండా చూడవలసిన బాధ్యత వాడి తండ్రి ఒక్కడిదే కాదు, ఆ మహల్లా వారందరిదీ.